వరదలో లెక్కకొచ్చిన అంగడి కరువులో ఎందుకు కనపడదు?

రాష్ట్ర విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో అంగళ్లకు లెక్కలు రాసే పని నాది. కిరాణా, ఎరువులు, బట్టలు, హార్డ్‌వేర్, వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులు... వాళ్ల ఖాతాలు సరిచూసి నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసిపెడతాను. సెంటు భూమి లేనివాడు కరువు గురించి ఉత్తరం రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. నేను రాస్తున్నదే అందుకు. మన కరువు విధానం భూమి ఉన్నవాళ్లను చూస్తుంది, అదీ అరకొరగా. ఆ భూమి పండితేనే తెరుచుకునే బజారును మాత్రం అసలు చూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఆ నెలలోనే ప్రభుత్వం ప్యాకేజీ ప్రకటించింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో నీళ్లు చేరిన ఇంటికి రూ.25 వేలు, చిన్న దుకాణానికి రూ.25 వేలు ఇస్తామంది. ఏడాది టర్నోవరు 40 లక్షల లోపున్న చిన్న పరిశ్రమకు రూ.50 వేలు, అంతకు మించి కోటిన్నర దాకా ఉంటే రూ.లక్ష అంది. ఆటోలు, తోపుడు బళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆ వివరాలు చదివినప్పుడు మనసారా సంతోషించాను. విపత్తు వస్తే ఇంటితో పాటు బతుకుదెరువు కూడా పోతుందని, దానికి కూడా పరిహారం కట్టొచ్చని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. అది చాలా పెద్ద మాట.

ఇప్పుడు ఇటు చూడండి. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. అందులో 80 తీవ్ర కరువు, 23 మధ్యస్థ కరువు. మరుసటి ఏడాది ఖరీఫ్‌లో ఇంకో 54 మండలాలు. ఎక్కువ భాగం అనంతపురం, శ్రీసత్యసాయి, కర్నూలు, అన్నమయ్య, చిత్తూరు జిల్లాలవే. ఆ జీవోల మూలంగా నేను లెక్కలు రాసే ఏ అంగడికీ, ఏ మిల్లుకూ, ఏ ఆటోవాలాకూ రూపాయి సాయం రాలేదు. ఎవరో అధికారి ఆపినందువల్ల కాదు, వాళ్ల పేరు రాసే గడే ఆ నిబంధనల్లో లేదు.

విపత్తు సహాయ నిధి నిబంధనలు నేను కూర్చుని చదివాను. 2022–26 కాలానికి కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం, పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతింటే వర్షాధార భూమికి హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉంటే రూ.17,000. అదీ రెండు హెక్టార్ల వరకే. మెట్ట వేరుశనగ రైతుకు ఎకరాకు మూడున్నర వేలు కూడా పడదన్నమాట. సబ్సిడీ లేకుండా కొంటే విత్తనం కాయల ఖర్చుకే అది చాలదు. కౌలుకు చేసేవాడికి ఆ మాత్రం చేరడం కూడా గగనమే. ఇక పట్టణానికి ఆ నిబంధనల్లో దక్కేది ప్రధానంగా తాగునీటి ట్యాంకర్లు. మూతపడిన మిల్లు, పని పోయిన హమాలీ, బాకీ వసూలు కాని అంగడి ఎక్కడా లేవు.

మా దగ్గర బజారు ఎట్లా నడుస్తుందో కొంచెం చెప్పనివ్వండి. ఇది తెలియకపోతే నేను అడిగేవి గొంతెమ్మ కోరికల్లా అనిపిస్తాయి.

జూన్‌లో తొలకరి పడగానే రైతు దగ్గర డబ్బు ఉండదు. విత్తనాలు, డీఏపీ, మందులు అప్పు మీదే తీసుకుపోతాడు. ఖాతా పుస్తకంలో పేరు, ఊరు, తేదీ, సరుకు, మొత్తం రాస్తాం. చివరి గడి ‘జమ’. ఆ గడి ఆరు నెలలు ఖాళీగానే ఉంటుంది. అందులో ఎవరికీ బాధ లేదు, కాయలు వచ్చాక ఇస్తాడని ఇద్దరికీ తెలుసు. ఒక్క ఎరువుల అంగడే కాదు. శ్రావణంలో పెళ్లి బట్టలు, బడి తెరిచినప్పుడు పిల్లల పుస్తకాలు, మధ్యలో జ్వరమొస్తే మెడికల్ షాపులో మందులు, నెలసరి కిరాణా, అన్నీ ఆ ఒక్క పంట మీద నమ్మకంతో రాసిన అప్పులే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా కాయలు బజారుకు దిగుతాయి. అప్పుడు హమాలీలకు చేతినిండా పని, మిల్లులో గింజలు ఏరే ఆడవాళ్లకు రోజూ కూలి, టీ బంకుకు బేరం. ఖాతాలో జమ గడులు ఒక్కొక్కటే నిండుతాయి. అంగడివాళ్లు ఆ డబ్బుతో బెంగళూరు, బళ్లారి హోల్‌సేల్ వాళ్లకు కట్టాల్సింది కట్టేస్తారు.

వాన మొహం చాటేసిన ఏడాది జమ గడి నిండదు. ఏప్రిల్‌లో కొత్త పుస్తకం తెరిచినప్పుడు పాత బాకీ మొత్తం కొత్త పేజీ మీదికి ఎత్తి రాస్తాం. ఆ అంకె రాసేటప్పుడు అంగడి యజమాని పక్కనే కూర్చుని ఉంటాడు. ఆయన ఏమీ అనడు. రైతును నిలదీయలేడు, వాడి పరిస్థితి ఆయనకూ తెలుసు. హోల్‌సేల్ వాళ్లు మాత్రం ఆగరు, బ్యాంకు అంతకన్నా ఆగదు. మొదటి ఏడాది ఇంట్లో బంగారం కుదవకు వెళుతుంది. రెండో ఏడాది కూడా అదే పరిస్థితి అయితే పనిలో ఉన్న పిల్లవాణ్ని మాన్పిస్తారు. ఆ తర్వాత సరుకు తగ్గించేస్తారు. సరుకు తగ్గితే వచ్చే నలుగురు కూడా జిల్లా కేంద్రానికి బస్సెక్కుతారు. షట్టరు ఒక్క రోజులో పడదు మంత్రి గారూ. అందుకే అది ఏ నివేదికలోనూ నష్టంగా నమోదు కాదు.

నా ఉద్దేశంలో కరువుకు మా ప్రాంతంలో ఉన్న అసలైన బీమా ఈ ఖాతా పుస్తకాలే. ప్రభుత్వ సాయం వచ్చేదాకా పల్లెలను అన్నం, మందులతో నిలబెడుతున్నది చిన్న పట్టణంలోని చిన్న వ్యాపారి. దానికి ఆయనకు ఎవరూ ప్రీమియం కట్టడం లేదు. ఆ వ్యాపారి కూలిపోతే మరుసటి ఏడాది వాన బాగా పడినా రైతుకు విత్తనం అప్పిచ్చేవాడు ఉండడు. అప్పుడు వారం వడ్డీలవాళ్లే దిక్కు.

ఇక కరువును ఎప్పుడు, ఎట్లా ప్రకటిస్తున్నామో చూడండి. 2016 మే నెలలో సుప్రీంకోర్టు, కరువు సాయం మీద స్వరాజ్ అభియాన్ అనే సంస్థ వేసిన కేసులో తీర్పు చెబుతూ పాత కరువు మాన్యువల్‌ను సవరించమంది. ఆ డిసెంబరులో కేంద్రం కొత్త మాన్యువల్ తెచ్చింది. ముందు వర్షపాతం లోటు, వరసగా మూడు నాలుగు వారాల బెట్ట చూస్తారు. ఆ తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ జలాలు. ఆ పైన పది శాతం గ్రామాల్లో క్షేత్ర పరిశీలన. శాస్త్రీయంగా ఉండాలన్న ఆలోచనను నేను తప్పుపట్టను. కానీ మా పంటకు ఆ కొలత సరిపోవడం లేదు. వేరుశనగలో ఊడలు దిగి కాయ కట్టే దశలో మూడు వారాలు వాన లేకపోతే చెట్టు చావదు. తర్వాత ఒక వాన పడితే పైన పచ్చగానే ఉంటుంది. పీకి చూస్తే కింద అన్నీ గింజ లేని లొట్టలే. ఉపగ్రహానికి కనిపించేది పైనున్న ఆకు. సెప్టెంబరు ఆఖరులో ఒక్క సాయంత్రం కురిసిన కుండపోత మండలం సగటును సరిచేస్తుంది, పోయిన పంటను తేలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే అనంతపురంలో ఆ వాన ఎంత పడిందన్న దానికన్నా ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం.

మధ్యస్థ కరువు అని తేలితే జాతీయ విపత్తు నిధి నుంచి సాయం రాదు. తీవ్రమని తేలినా కేంద్ర బృందం వచ్చి చూసి వెళ్లాలి. 223 తాలూకాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించిన పక్క రాష్ట్రం కర్ణాటక, ఆ నిధి కోసం 2024లో సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

మాన్యువల్ ప్రకారం ఖరీఫ్ కరువు ప్రకటనకు గడువు అక్టోబర్ 30. రైతుకే అది ఆలస్యం. బజారుకైతే మరీ. దసరా బేరం అప్పటికే పోయి ఉంటుంది. ఏడాది మొత్తం మీద బట్టలంగడి కాస్త ఊపిరి పీల్చుకునేది ఆ వారం పది రోజుల్లోనే. ఆగస్టులో బెట్ట మొదలైన రెండో వారానికే బజారుకు సంగతి తెలిసిపోతుంది. అప్పులు అడిగేవాళ్లు పెరుగుతారు, కొత్త బట్టలు కుట్టించేవాళ్లు తగ్గుతారు. ప్రభుత్వానికి తెలియడానికి ఇంకో రెండున్నర నెలలు పడుతోంది.

ఈలోగా జనం బయల్దేరతారు. కర్నూలు పడమటి మండలాల్లో దీన్ని సుగ్గికి పోవడం అంటారు. కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి గుంటూరు మిరప తోటలకు, పత్తి చేలకు కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. అనంతపురం వైపు నుంచి బెంగళూరుకు. రాత్రిపూట మా బస్టాండులో చూస్తే మూటలు, స్టవ్, ప్లాస్టిక్ బిందె, ఒడిలో పసిపిల్ల, పక్కన బడిసంచి. ఆ బడిసంచి చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది, వాడు మళ్లీ ఉగాది దాకా తరగతిలో కూర్చోడని తెలుసు కాబట్టి. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, మంచిదే. కానీ అందరూ పిల్లల్ని వదిలి వెళ్లలేరు. ఒక పల్లెలో వంద ఇళ్లకు తాళాలు పడితే ఆ పల్లె మీద ఆధారపడిన పట్టణంలో పాల ప్యాకెట్లు, చక్కెర, ఫోన్ రీఛార్జులు, షేర్ ఆటో సీట్లు, అన్నింటికీ ఆ మేరకు గిరాకీ పోతుంది.

వలస ఆపడానికి ఉపాధి హామీ ఉందంటారు. 2005 చట్టం కింద వంద రోజుల పని, కరువు ప్రకటించిన చోట మరో 50 రోజులు ఇచ్చే ఏర్పాటు ఏళ్ల తరబడి సాగింది. దాని వల్ల ఎన్నో కొంపలు నిలబడ్డాయి, అది కళ్లారా చూశాను. కానీ అది గ్రామీణ కుటుంబాలకు మాత్రమే. పెనుకొండ, బేతంచెర్ల లాంటి ఊళ్లు ఇటీవలి ఏళ్లలో నగర పంచాయతీలయ్యాయి. బోర్డు మారినంత మాత్రాన మనుషుల పని మారదు. ఆ వార్డుల్లో చాలామంది ఇప్పటికీ పొలం కూలికి పోయేవాళ్లే, మిల్లులో మూటలెత్తేవాళ్లే. పల్లెలో ఉంటే కరువు పని దొరుకుతుంది, అదే కూలి కిలోమీటరు అవతల పట్టణం వార్డులో ఉంటే దొరకదు. దీనికి సమర్థన ఏమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. కేరళలో 2010 నుంచి అయ్యంకాళి పేరుతో పట్టణ ఉపాధి హామీ నడుస్తోంది. రాజస్థాన్ 2022లో పట్టణాలకు వంద రోజుల పని పథకం తెచ్చింది. మహారాష్ట్ర ఉపాధి హామీ పథకం ఊపందుకున్నదే 1972 నాటి కరువులో. మనం కనీసం కరువు ప్రకటించిన మండలాల్లోని మున్సిపాలిటీలు, నగర పంచాయతీలకైనా ఇలాంటిది మొదలుపెట్టొచ్చు. పని కోసం వెతుక్కోనక్కర్లేదు. ప్రతి పట్టణం పక్కనా పూడిపోయిన చెరువు, తెగిన కట్ట, ఆక్రమణల్లో పోయిన వంక ఉన్నాయి.

బ్రిటిష్ వాళ్ల కాలం మాట కూడా ఒకటి చెప్పాలి. 1876–78 ధాత కరువులో మన సీమలో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ తర్వాత కరువు నియమావళులు రాశారు. మద్రాసు నియమావళిలో నేతగాళ్లకు వాళ్ల వృత్తిలోనే పని కల్పించి ఆదుకునే ఏర్పాటు ఉండేది. సేద్యం చేయనివాడు కూడా కరువులో దెబ్బతింటాడన్న ఎరుక అప్పటికే ఉంది. అది మన నిబంధనల్లోంచి ఎప్పుడు జారిపోయిందో గానీ, తిరిగి తేవాల్సిన బాధ్యత మీ మీద ఉంది.

డబ్బు లేదని మీ అధికారులు అనవచ్చు. నేను అడిగే వాటిలో కొన్నింటికి డబ్బే అక్కర్లేదు. బ్యాంకు అప్పుల సంగతి తీసుకోండి. ప్రకృతి విపత్తుల్లో బ్యాంకులు ఏం చేయాలో రిజర్వు బ్యాంకు 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. పంట రుణాలే కాదు, గ్రామీణ చేతివృత్తులవాళ్లు, వ్యాపారులు, చిన్న పరిశ్రమల రుణాలను కూడా వాయిదా వేయాలా వద్దా అన్నది రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ గానీ, జిల్లా సంప్రదింపుల కమిటీ గానీ చర్చించి నిర్ణయించొచ్చని అందులో రాశారు. ఆ వెసులుబాటు కాగితం మీదే మిగిలింది. నేను లెక్కలు రాసే అంగళ్లలో ఒక్కదానికీ అది అందలేదు. వాళ్లలో ఎక్కువమందికి అలాంటిది ఒకటి ఉందన్న సంగతే తెలియలేదు. ఒక కిరాణా అంగడాయన వరసగా మూడు నెలలు కంతులు తప్పాడు, బ్యాంకు లెక్కలో ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయింది. ఆయన మండలం కరువు జాబితాలో ఉంది. బ్యాంకులో ఆ సంగతి చెబితే అది రైతులకు సార్, మీకు కాదు అన్నారట. కరువు జీవో ఇచ్చిన వారంలోపు బ్యాంకర్ల కమిటీని పిలిచి, వ్యాపారుల అప్పుల విషయం అజెండాలో మొదటి అంశంగా పెట్టించగలిగేది మీ ప్రభుత్వమే.

కరెంటు బిల్లు మరొకటి. కాయలు లేక మిల్లు తిరగకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీలు నెలనెలా పడుతూనే ఉంటాయి. కరువు మండలాల్లో ఆ చిన్న మిల్లులకు, పత్తి జిన్నింగ్ యూనిట్లకు ఆ ఏడాది మాఫీ చేయడం, ట్రేడ్ లైసెన్స్ ఫీజు వదిలేయడం, మున్సిపల్ షాపుల అద్దె వాయిదా వేయడం, ఇవన్నీ రాష్ట్రం చేతిలోని పనులే.

డబ్బుతో కూడుకున్నది ఒక్కటి అడుగుతాను. విజయవాడలో చిన్న దుకాణానికి ఇచ్చినట్టే తీవ్ర కరువు మండలాల్లోని చిన్న దుకాణాలకు, మిల్లులకు, ఆటోలకు ఒక్కసారి సాయం ఇవ్వండి. నష్టాన్ని ఎట్లా కొలవాలి అంటారేమో. వరదలో అయితే గోడ మీద నీటి మరక కనిపిస్తుంది, కరువులో ఏముంది అని. లెక్కలు రాసేవాణ్ని కాబట్టి దీనికి నా దగ్గర జవాబు ఉంది. రిజిస్టరైన ప్రతి అంగడి అమ్మకాల వివరాలు జీఎస్టీ రిటర్నుల్లో మీ దగ్గరే ఉన్నాయి. కిందటి మూడేళ్ల సగటుతో పోల్చితే ఎంత పడిపోయిందో నిమిషాల్లో తేలుతుంది. విజయవాడలో చిన్న పరిశ్రమలకు ఇచ్చిన సాయం శ్లాబులు కూడా టర్నోవరు మీదే కదా పెట్టారు. జీఎస్టీ లేని చిన్నవాళ్లకు కరెంటు మీటరు ఉంది. మార్కెట్ యార్డుకు ఎన్ని బస్తాలు వచ్చాయో యార్డు పుస్తకాల్లో ఉంది. వీటన్నింటినీ కరువు తీవ్రత కొలిచే సూచికల్లో చేర్చమని కేంద్రాన్ని కూడా అడగండి. సెప్టెంబరులో బజారు ఏం చెబుతోందో వింటే అక్టోబరు ఆఖరు దాకా ఆగాల్సిన పని ఉండదు.

మరీ కొత్త ఖాతా తెరవాల్సిన అవసరమూ లేదేమో. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కరువు ఎక్కువగా ఉండే 12 రాష్ట్రాల కోసం రూ.1,200 కోట్లు విడిగా సూచించింది, అందులో మనమూ ఉన్నాం. విపత్తు నిధిలో ఐదో వంతు ముందుజాగ్రత్త పనులకే కేటాయించాలంది. ఇకముందు వచ్చే నిధుల్లోనూ అలాంటి భాగం ఉండేలా గట్టిగా అడగండి. అందులో చిన్న పట్టణాల పేరు రాయించండి. 1973లో కరువు పీడిత ప్రాంతాల పథకం వచ్చింది, తర్వాత అనంతపురాన్ని ఎడారి అభివృద్ధి పథకంలో కూడా చేర్చారు, ఆ పైన వాటర్‌షెడ్లు. అన్నీ నేల కోసం, నీటి కోసం. అవసరమైనవే. ఇన్ని దశాబ్దాల్లో బజారు కోసం ఒక్కటీ లేదు.

తాగునీటి గురించి ఒక్క మాట. ట్యాంకర్ల బిల్లులు నెలల తరబడి పెండింగ్ పెడితే ట్యాంకరు ఓనరు వార్డుకు రావడం మానేస్తాడు. ఆ డబ్బు ముందుగా మున్సిపాలిటీ ఖాతాలో వేయండి, వేసవి ముదిరాక కాదు.

వచ్చే జూన్‌కు ముందు మీ శాఖ ఎటూ ఖరీఫ్ సన్నద్ధత సమీక్ష పెడుతుంది. ఆ సమావేశానికి సీమ జిల్లాల నుంచి కలెక్టర్లు, వ్యవసాయ అధికారులు వస్తారు. ఈసారి కదిరి, ఆదోని, కల్యాణదుర్గం, పత్తికొండ లాంటి ఊళ్ల వర్తక సంఘాలనూ, హమాలీ యూనియన్లనూ పిలవండి. ఖాతా పుస్తకాలు వెంట తెమ్మని చెప్పండి. కరువు జీవోలో పట్టణాల కోసం ఒక పేరా చేర్చండి. అప్పుల వాయిదా, వార్డుల్లో పని, చిన్న దుకాణానికి సాయం, ఈ మూడూ ఆ పేరాలో ఉంటే చాలు. చేయగలరో లేదో, చేయలేకపోతే ఎందుకో, పత్రికాముఖంగా జవాబు ఇవ్వండి. మా బజారులో ఆ జవాబు కోసం చూసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇట్లు,
రాయలసీమ చిన్న పట్టణం నుంచి
ఒక లెక్కల గుమాస్తా